స్వెట్టరు మీద మాట

ఆ రోజు పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. రాత్రి పట్టిన వాన తెల్లారేసరికి ఆగింది గానీ మబ్బు కదల్లేదు. తూర్పున ఒకచోట మాత్రం పాత దుప్పటికి చిల్లుపడ్డట్టు కాస్త వెలుగు. ఆ వెలుగును నమ్మి బట్టలు ఆరేయాలా వద్దా అని లాండ్రీ మనిషి తడి దుప్పట్ల బుట్ట చంకన పెట్టుకుని పెరట్లో తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఆయా వేడినీళ్ళ బకెట్టుతో అతని పక్కనుంచే మూడో గదికి వెళ్ళింది.

ఆ ఇంట్లో ఇరవై ఆరుగురు ముసలివాళ్ళు. నడవలేనివాళ్ళు, నడిచినా దారి మరిచిపోయేవాళ్ళు, అన్నీ బాగానే ఉండి చూసే దిక్కు లేనివాళ్ళు. బయట బోర్డు మీద వృద్ధాశ్రమం అని ఉంటుంది. లోపలున్నవాళ్ళు మాత్రం ఇల్లు అనే అంటారు. నలుగురు ఆయాలు, ఒక వంటమనిషి, ఒక లాండ్రీ మనిషి, వీళ్ళందరి పైన ఒక మేనేజరమ్మ. మన కథలోని ఆయా ఆ నలుగురిలో పెద్దది. ఊళ్ళో ఉన్నప్పుడు పశువుల్ని సాకింది. ఊపిరి తియ్యకుండా పుట్టిన దూడల్ని గడ్డితో రుద్ది రుద్ది లేపిన చేతులు ఆమెవి. ఆ చేతులు చూసే ఉద్యోగం ఇచ్చానని మేనేజరమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

మూడో గదిలో ఉండేది కుట్టు పెద్దమ్మ. ఎనభై మూడేళ్ళు. నలభై ఏళ్ళు మిషను తొక్కి బతికిన మనిషి. ఆయా గుమ్మంలో అడుగు పెట్టకముందే, "ఏమే, సూర్యుడు ముందొచ్చాడా, నువ్వు ముందొచ్చావా?" అని రోజూ ఒక విసురు విసురుతుంది. ఆ రోజు విసురు లేదు. పెద్దమ్మ మంచం అంచున కూర్చుని గోడకు ఒరిగిపోయి ఉంది. ఒక మేజోడు కాలికుంది, ఒకటి చేతిలో ఉంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి. ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగల్లేదు.

బకెట్టు ఎక్కడ పడిందో ఆయాకు తెలియదు. పెద్దమ్మను మంచం మీంచి కిందికి దించింది. మెత్తటి పరుపు మీద నొక్కితే పరుపే కుంగుతుంది గానీ గుండె కదలదని, ఏడాదికోసారి రబ్బరు బొమ్మ పట్టుకుని వచ్చి నేర్పించే ఆయన చెప్పాడు. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, ఛాతీ నడుమ నొక్కింది. ముప్పై నొక్కి, రెండుసార్లు నోట్లో ఊపిరి ఊది, మళ్ళీ ముప్పై. రబ్బరు బొమ్మ చేయని చప్పుడొకటి రెండో విడతలో వచ్చింది, గుడ్డ కింద ఎండుపుల్ల విరిగినట్టు. ఆయా బావురుమంది. ఏడుస్తూనే నొక్కింది. అంబులెన్సు వచ్చే లోపల, తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు పెద్దమ్మ గొంతులోంచి ఒక ఊపిరి వచ్చింది.

ఇల్లంతా ఆయాను ఆకాశానికెత్తేసింది. ఆసుపత్రి నుంచి పెద్దమ్మ కొడుకు నేరుగా వచ్చి ఆయా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

పెద్దమ్మ పందొమ్మిది రోజులకు తిరిగొచ్చింది. మనిషి సగమైంది. విరిగిన పక్కటెముకలు మూడు. దగ్గొస్తే గుండెకు గట్టిగా హత్తుకోమని ఆసుపత్రి వాళ్ళు ఒక చిన్న దిండు ఇచ్చారు. ఆ దిండును కావలించుకుని మంచం మీద కూర్చుని, చుట్టూ చేరినవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది.

"ఎవతె నొక్కింది నన్ను?"

ఆయా నవ్వుతూ ముందుకొచ్చింది. "నేనే పెద్దమ్మా."

"చేతులు చూపించు."

చూపించింది. పెద్దమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి, బేరానికొచ్చిన గుడ్డను చూసినట్టు చూసింది.

"ఎవరు లేపమన్నారే నిన్ను?"

ఆయా నవ్వు మొహంలోనే ఆరిపోయింది.

"నేను వద్దని రాసిచ్చాను కదా. డాక్టరు ముందు సంతకం పెట్టాను. గుండె ఆగితే ఆగనివ్వండి, నొక్కకండి అని. ఈ ఇంట్లో చేరిన రోజే రాసిచ్చాను. ఆ కాగితం ఏం చేసుకున్నారు? పొట్లం కట్టుకున్నారా?"

అందరూ మేనేజరమ్మ వైపు చూశారు. ఆవిడ నడుముకు ఎప్పుడూ ఒక తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది. పంచదారకు తాళం, మందులకు తాళం, టార్చిలైటుకు తాళం. వెనకాల అందరూ ఆవిణ్ణి తాళాలమ్మ అంటారు. చెడ్డ మనిషి కాదు. ఎవరికి జ్వరమొచ్చినా ఇంటికి పోకుండా కూర్చుంటుంది. కానీ ఏ వస్తువైనా బయట ఉంటే పాడైపోతుందని ఆవిడ భయం.

ఆవిడ ఆఫీసుగదికి వెళ్ళి బీరువా తెరిచింది. కాగితం ఉంది. ప్లాస్టిక్ కవర్లో, మడత నలగకుండా, భద్రంగా ఉంది. మంచానికి తగిలిస్తే ఆదివారం చూడటానికొచ్చే పిల్లలు కంగారు పడతారని రెండేళ్ళ కింద లోపల పెట్టింది. ఆయాలకు చెప్పాలన్న సంగతి ఆవిడకు తట్టలేదు.

"నాకు తెలియదు పెద్దమ్మా," అంది ఆయా. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"తెలియదని నాకు తెలుసులే. ఏడవకు. నువ్వేడిస్తే నాకు నవ్వొస్తుంది, నవ్వితే పక్కటెముకలు పట్టేస్తాయి."

ఆ తర్వాత రెండు నెలలు ఇద్దరికీ అదే పోట్లాట. పెద్దమ్మకు తల దువ్వుతూ ఆయా అనేది: "నేను నొక్కకపోతే ఈ ఎండ చూసేదానివా? మొన్న నీ మునిమనవడు వచ్చి ఒళ్ళో కూర్చున్నాడు, చూసేదానివా?"

"చూశాను. బాగుంది. బాగుందని చెప్పి ఇంకో మూడు పక్కటెముకలు ఇవ్వమంటావా?"

"ఇంకోసారి అలా కాదులే."

"ఎందుక్కాదు? రోజూ అవుతుంది. ఇదిగో, చెప్తా విను. గుడ్డ చివరిదాకా వచ్చాక కూడా మిషను తొక్కుతూ పోతే ఏమవుతుంది? సూది గాలిని కుడుతుంది. దారం ఉండలు కడుతుంది. అక్కడ ఆపి, ముడేసి, కత్తిరించాలి. అది రానివాళ్ళని మా షాపులో నేను ఉంచుకునేదాన్ని కాదు." జడ ముందుకు లాక్కుని ఆయా మొహంలోకి చూసేది. "నాకు మాటివ్వు. మళ్ళీ నొక్కనని ఒక్క మాటివ్వు, నిన్నింక సాధించను."

ఆ మాట మాత్రం ఆయా నోట రాలేదు. మాటిచ్చి తప్పడం ఆమెకు చేతకాదు. "కాగితం సంగతి నాకు తెలుసు పెద్దమ్మా. కానీ నా చేతులు నా మాట వినవు. ఎవరైనా పడితే ముందు అవి పోతాయి, వాటి వెనక నేను పోతాను."

"అయితే నీ చేతులకే చెప్తాలే," అంది పెద్దమ్మ.

చలికాలం వచ్చింది. ఆ ఇంట్లో చలికి అందరికీ ఒకే రకం స్వెట్టరు. ఎవరో దాత ఒకే దుకాణంలో కొని పంపాడు. బూడిద రంగు, ఒకే సైజు, ఆడా మగా తేడా లేదు. లావుగా ఉన్నవాళ్ళకు పట్టేస్తుంది, సన్నగా ఉన్నవాళ్ళకు గోనెసంచిలా వేలాడుతుంది. పెద్దమ్మ తన స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర ఊలుదారం సూదికెక్కించి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేసరికి దాన్ని తొడుక్కుని హాల్లోకి వచ్చింది. ఛాతీకి అడ్డంగా, అంగుళం ఎత్తు అక్షరాలతో ఒకే మాట: నొక్కొద్దు.

ఆయా చేతిలో నీళ్ళ జగ్గు అలాగే ఉండిపోయింది.

ముందుగా నవ్వింది డ్రైవర్ తాత. ముప్పై ఆరేళ్ళు బస్సు నడిపాడు. కూర్చున్నా కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టే ఉంటుంది. "అదేంటి టైలరమ్మా, ముందు భాగానికి బోర్డు పెట్టించావా? ఏ ఊరు పోతుంది బండి?"

"ఎక్కడికీ పోదు. డిపోకి."

"నాకూ ఒకటి కుట్టు."

"నువ్వూ వద్దంటావా?"

"నేనెందుకంటాను? గట్టిగా నొక్కండి అని కుట్టు."

"నీ ఛాతీ ఉన్నదే జానెడు. అంత మాట పట్టదు."

"రెండు లైన్లు వెయ్యి. మా బస్సు మీద మూడు ఊళ్ళ పేర్లు పట్టేవి."

అక్కడితో ఆగితే బాగుండేది. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో తొమ్మిది స్వెట్టర్లు మాట్లాడటం మొదలుపెట్టాయి. "ముందు నా కూతురికి ఫోన్ చెయ్యండి" అని చెవిటి అవ్వ కుట్టించుకుంది. మాట సాగి వీపు మీదికి తిరిగింది. ఆరో గదిలో ఆయన ఆసుపత్రి వద్దు అన్నాడు. లెక్కల మాస్టారు రెండు రోజులు ఆలోచించి, "అడిగి నొక్కండి" అని కుట్టమన్నాడు.

"ఎవర్ని అడగాలి మాస్టారూ?" అంది పెద్దమ్మ.

"నన్నే."

"అప్పుడు మీరు పలుకుతారా?"

మాస్టారు ఇంకో రోజు ఆలోచించి, ఏమీ వద్దని స్వెట్టరు వెనక్కి తీసుకుపోయాడు.

మేనేజరమ్మ లబోదిబోమంది. "ఆదివారం పిల్లలొస్తారు. ఇవి చదివితే ఏమనుకుంటారు?"

"చదువుకున్న పిల్లలేగా. చదువుకోనీ," అంది పెద్దమ్మ. బీరువాలో పెట్టిన కాగితం ఊసు పెద్దమ్మ ఎత్తలేదు. ఎత్తకపోవడంతోనే మేనేజరమ్మ తల దించుకుంది.

ఆదివారం పెద్దమ్మ కొడుకు వచ్చాడు. ఆ అక్షరాలు చూసి మొహం ఎర్రబడింది. "ఏంటమ్మా ఇది? నేను నీకు అంత భారమయ్యానా?"

"నువ్వు భారం కాదురా. నాకు నేనే బరువు. రా, కూర్చో, ఇక్కడ తడిమి చూడు." కొడుకు చేయి తీసుకుని స్వెట్టరు మీంచే పక్కటెముకల దగ్గర పెట్టుకుంది. సరిగ్గా అతుక్కోని చోట చిన్న బుడిపె ఉంది. కొడుకు చేయి తీసేసుకోలేదు. పోయేటప్పుడు ఆయాతో, "చలికి ఇంకో దుప్పటి కావాలేమో చూడండి," అని మాత్రం అన్నాడు.

గురువారం, వారానికోసారి ఇంటికొచ్చే డాక్టరు వచ్చాడు. పడుచువాడు. హాల్లో అడుగు పెట్టి ఒక్కొక్క ఛాతీ చదువుకుంటూ వచ్చాడు. మొదట నవ్వాడు. చివరికొచ్చేసరికి నవ్వు లేదు.

"ఇవి చెల్లవు," అన్నాడు. "స్వెట్టరు ఎవరైనా వేసుకుంటారు. నేను వేసుకున్నా అదే మాట అంటుంది. మనిషి మాట మనిషిని అడిగి రాసుకోవాలి. రాసింది పక్కనుండే వాళ్ళకు తెలియాలి. మేడంగారూ, నాకో కుర్చీ, ఒక గది ఇప్పించండి."

ఆ రోజూ, తర్వాతి గురువారమూ పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పిలిచి అరగంట మాట్లాడాడు. చక్రాల కుర్చీలు తోసేది ఆయా కాబట్టి అన్నీ ఆమె చెవిన పడ్డాయి. పెద్దమ్మ రెండు నిమిషాల్లో ముగించింది. "పాత కాగితమే. మాట మారలేదు. మధ్యలో వచ్చిన రోజులు కొసరు. కొసరుకు మళ్ళీ కొసరు అడగను."

డ్రైవర్ తాత దగ్గర డాక్టరుకు ఆలస్యమైంది. ఆయన గుండె సంగతి అంత బాగాలేదు.

"తాతా, ఉన్నమాట చెప్తాను. ఈ వయసులో, ఇలాంటి గుండెకు, నొక్కినా లేచేవాళ్ళు చాలా తక్కువ. లేచినా ఇప్పుడున్నట్టు ఉండకపోవచ్చు. ఎముకలు విరుగుతాయి. టైలరమ్మను చూశారుగా."

"చూశాను. రోజూ తిడుతోంది. తిట్టాలంటే ఊపిరుండాలి కదా."

"ఎందుకు కావాలనుకుంటున్నారో తెలుసుకోవచ్చా?"

తాత కాస్త చిరాకుపడ్డాడు. "బతకడానికి కారణం చూపించాలా? దరఖాస్తా ఇది? నాకు పొద్దున్నే ఆ వరండాలో కూర్చుంటే బాగుంటుంది. రోడ్డు మీద బండ్లు పోతుంటే ఏది ఏ గేరులో పోతోందో చెవితోనే చెప్పేస్తాను. ఇంక కారణం లేదు."

డాక్టరు కలం మూత తీశాడు.

"చూడు బాబూ. బండి ఆగిపోయినప్పుడు జనాన్ని దింపి తోయిస్తాం. స్టార్టవుతుందో లేదో ముందే తెలిసి తోయిస్తామా? కొంతదూరం తోస్తాం. పలికితే పలికింది. పలక్కపోతే రోడ్డు పక్కకు తీసి పెట్టేస్తాం, ఎవరి దారికీ అడ్డం లేకుండా. నాకూ అంతే. ఒక పావుగంట తోయండి. అప్పటికీ పలక్కపోతే పక్కన పెట్టండి. తోయకుండా మాత్రం పెట్టకండి."

డాక్టరు ఆ మాటల్ని ఆయన చెప్పింది చెప్పినట్టే రాసి సంతకం తీసుకున్నాడు.

కాగితాలు ఈసారి బీరువాలోకి పోలేదు. మేనేజరమ్మే ఎవరి మాట ఏమిటో రాసి ఒక పట్టీ తయారుచేసి ఆయాల గది తలుపు లోపలివైపు అంటించింది. ఆయాలు నలుగురూ దాన్ని ఎక్కాల్లా వల్లెవేశారు. స్వెట్టర్ల మీద అక్షరాలు విప్పెయ్యమని డాక్టరు చెప్పి వెళ్ళాడు. "కుట్టడం కంటే విప్పడం కష్టం నాయనా. ఉన్న కళ్ళతో మెల్లగా విప్పుతాను," అంది పెద్దమ్మ. మూడు విప్పింది. ఇంకా ఆరు ఉన్నాయి.

పది రోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున పదింటికి వరండాలో ఎండ బాగా పడింది. టిఫిన్లు అయ్యాయి. కుర్చీలన్నీ ఎండలోకి జరిపారు. ముందురోజే స్వెట్టర్లు ఉతికి వచ్చాయి. లాండ్రీ మనిషికి అక్షరాలు రావు. కాలర్ల లోపల సిరాతో వేసిన గది నంబర్లు ఎప్పుడో వెలిసిపోయాయి. అన్నీ ఒకే సైజు కదా అని ఆ పొద్దున్నే చేతికొచ్చింది చేతికొచ్చినట్టు పంచేశాడు. కళ్ళజోళ్ళు పెట్టుకోకముందే చలికి అందరూ తొడిగేసుకున్నారు.

ఆయా మాస్టారికి గోళ్ళు తీస్తోంది. రోడ్డు మీద లారీ ఒకటి మూలుగుతూ ఎత్తు ఎక్కుతోంది. "రెండో గేరులో పోవాల్సింది మూడులో..." అంటున్న డ్రైవర్ తాత మాట మధ్యలో తెగింది. ఆయా తల తిప్పేసరికి ఆయన గడ్డం గుండెల మీద వాలింది. కుర్చీలోంచి పక్కకు జారాడు.

ఆమె చెప్పినట్టే, ముందు చేతులు పోయాయి. ఆయన్ని నేల మీదికి దించాయి, వెల్లకిలా తిప్పాయి, ఊపిరి చూశాయి, లేదు. ఒక చేతి మీద ఇంకో చెయ్యి పడింది. మోచేతులు బిగిశాయి. అప్పుడు కనిపించాయి, వేళ్ళ కింద ఎర్రగా, అంగుళం ఎత్తున అక్షరాలు. నొక్కొద్దు.

చేతులు ఆగిపోయాయి.

జన్మలో ఎన్నడూ ఆగని చేతులు. ఆయాకు ఆయన మొహం తెలుసు, పట్టీలో ఆయన మాట ఎక్కడుందో తెలుసు, తోయండి అన్న గొంతు ఇంకా చెవిలోనే ఉంది. అయినా ఆ అక్షరాలు కళ్ళలోకి పొడుచుకొచ్చాయి. నిన్న సాయంత్రం ఆయన, పెద్దమ్మ ఇదే వరండాలో తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. తాను చూసింది. మనసు మార్చుకున్నాడేమో. కొత్తగా కుట్టించుకున్నాడేమో. ఒకసారి తెలియక నొక్కి ఒక మనిషిని బాధపెట్టింది. మళ్ళీనా? నొక్కితే తప్పు, నొక్కకపోతే తప్పు. ఎంతసేపు అలా ఉండిపోయిందో, మూడు ఊపిర్లో, నాలుగో. ఆమెకు మాత్రం ఒక పూటంత అయింది.

"అది నాదే!"

వరండా దద్దరిల్లింది. పెద్దమ్మ కర్ర లేకుండా లేచి నిలబడింది. "నా స్వెట్టరు వేసుకున్నాడు వెధవ! నాదే అది! వాడు మాట మార్చలేదు! నొక్కవే, చూస్తావేం, నొక్కు!"

ఆయా తలెత్తింది. పెద్దమ్మ ఛాతీ మీద, రెండు లైన్లలో, గట్టిగా నొక్కండి అని ఉంది.

నొక్కింది. అక్షరాల మీదే నొక్కింది. పెద్దమ్మ మాస్టారి కుర్చీ వీపు పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, షాపులో గజాలు కొలిచినట్టు గట్టిగా, తప్పు లేకుండా. ముప్పై కాగానే "ఊదు!" అనేది. మళ్ళీ ఒకటి. మేనేజరమ్మ ఫోన్ చెవిన పెట్టుకుని గేటు బార్లా తీసి రోడ్డు మధ్యలో నిలబడింది. ఎండుపుల్ల చప్పుడు వచ్చింది. ఆయాకు ఈసారి ఏడుపు రాలేదు. "తోస్తున్నా తాతా, తోస్తున్నా," అంటూనే ఉంది. చెమట ఆయన మొహం మీద పడుతుంటే చిన్న ఆయా వచ్చి తుడిచింది. తర్వాత ఆమే చెయ్యి మార్చుకుని కాసేపు నొక్కింది. మళ్ళీ ఆయా అందుకుంది. చెవిటి అవ్వకు ఏమీ వినబడకపోయినా పెద్దమ్మ పెదాలు చూసి తానూ లెక్కపెడుతోంది.

అంబులెన్సు వచ్చేసరికి పద్దెనిమిది నిమిషాలు. వచ్చిన ఇద్దరూ డబ్బాలు, తీగలు తీసి పెట్టి, తామూ నొక్కి, తెర మీద గీత చూశారు. ఇంకో నాలుగు నిమిషాలు. పెద్దవాడు రెండోవాడి వైపు చూశాడు. మేనేజరమ్మ డ్రైవర్ తాత కాగితం తెచ్చి పెద్దవాడి చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. మోకాళ్ళ మీంచి లేచి, "తోయాల్సినంత తోశారమ్మా," అన్నాడు ఆయాతో.

తాతను ఆయన గదిలో, ఆయన మంచం మీదే పడుకోబెట్టారు. మేనేజరమ్మ ఆయన తమ్ముడి కూతురికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి సాయంత్రానికి వస్తానంది.

ఆయా వంటింటి వెనక మెట్ల మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తోంది. కర్ర చప్పుడు వినిపించింది. పెద్దమ్మ వచ్చి, మెట్టు మీదికి వంగి కూర్చోవడానికి మూడుసార్లు ప్రయత్నించి, మూడోసారి కూర్చుంది.

"మొత్తం ఇరవై రెండు నిమిషాలు," అంది. "వాడు అడిగింది పావుగంటే. వాడి సర్వీసులో ఇంతసేపు ఎవరూ తోసుండరు."

ఆయాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, రెండూ ఆగిపోయాయి.

"నిన్న సాయంత్రం ఏం మాట్లాడుకున్నారు మీరిద్దరూ?"

"ఏముంది? క్లచ్చి గొప్పదా, కుట్టుమిషను పెడలు గొప్పదా అని. కాళ్ళ గురించి."

లోపల వంటమనిషి గిన్నెలు సర్దుతోంది.

"నేను ఆగిపోయాను పెద్దమ్మా," అంది ఆయా. "ఆగకూడని చోట ఆగాను. ఆ నాలుగు ఊపిర్లూ ముందే నొక్కి ఉంటే..."

"లేచేవాడా?"

"ఏమో."

"నాకూ తెలియదు. డాక్టరుకూ తెలియదు. తెలియని దానికి నీ మీద తప్పు వేసుకోకు. నేరం ఏదైనా ఉంటే నాది. విప్పమన్నప్పుడు విప్పలేదు. బద్ధకం. అక్షరాలు బాగా కుదిరాయని మురిసిపోయి ఉంచేశాను." పెద్దమ్మ కర్రను మెట్టుకు ఆనించి పెట్టింది. "వాడు నా మాట వేసుకుని పడ్డాడు. నేను వాడి మాట వేసుకుని నిలబడ్డాను. నిజం చెప్పనా? ఆ అరిచే క్షణంలో నాకు వాడు బతకాలనే ఉంది. నీ చేతులు ఎందుకు ఆగవో అప్పుడు అర్థమైంది."

"అయితే నీ మాట మార్చుకుంటావా?" అంది ఆయా. ఆశ కొద్దీ అడిగింది.

"లేదే. వాడికి కావాలి కాబట్టి అరిచాను. నాకు వద్దు కాబట్టి వద్దంటున్నాను. రెండూ ఒకటే."

ఆయా తన చేతుల్ని తిప్పి చూసుకుంది. ఇన్నాళ్ళూ ఇవి ఆగవనే అనుకుంది. ఆగగలవని ఈ పొద్దున తెలిసింది, ఆగకూడని చోట తెలిసింది. పెద్దమ్మ తన పక్కన మెట్టు మీద కూర్చుని, అడిగిన మాట కోసం నెలల తరబడి ఎదురుచూస్తోంది. ఇవ్వకుండా ఉండటానికి ఇంక ఆమె దగ్గర సాకు లేదు. ఉన్నది పెద్దమ్మ బతకాలన్న ఇష్టం ఒక్కటే. ఇష్టం ఉన్నంత మాత్రాన వేరేవాళ్ళ గుండె మీద చెయ్యి వేసే హక్కు రాదని, పట్టీ వల్లెవేసినన్ని రోజుల్లో రాని సంగతి, ఇప్పుడు మెల్లగా లోపలికి దిగింది.

"సరే పెద్దమ్మా," అంది. "నీకు నొక్కను."

పెద్దమ్మ తల తిప్పలేదు.

"మాటేనా?"

"మాటే. కానీ చెయ్యి పట్టుకుంటాను. అది మాత్రం వద్దనకు."

"పట్టుకో. ఎముకలు విరిగేలా పట్టుకోకు." పెద్దమ్మ కర్ర అందుకుంది. "లేపు నన్ను. దీని మీద కూర్చోవడమే వచ్చింది గానీ లేవడం రాదు."

భోజనాల గంట ఎవరూ కొట్టలేదు. అయినా అందరూ వచ్చారు. పొడుగాటి బల్ల చుట్టూ చక్రాల కుర్చీలూ, మామూలు కుర్చీలూ జరుపుకుని కూర్చున్నారు. రోజూ పెద్దవాళ్ళు తిన్నాక గానీ ఆయాలు తినరు. పెద్దమ్మ పక్క కుర్చీ లాగి, ఆయా నడుము మీద కర్రతో పొడిచింది. ఆయా కూర్చుంది. చిన్న ఆయా కూర్చుంది. మేనేజరమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, తానూ వచ్చి మాస్టారికి ఎదురుగా కూర్చుంది. వంటమనిషి అన్నం, కూర వడ్డించి, తన కంచం కూడా తెచ్చుకుంది.

ఆయా ముద్ద కలుపుతుంటే మెతుకులు బల్ల మీద పడ్డాయి. పెద్దమ్మ తన కంచంలోని కూర సగం ఆమె కంచంలోకి తోసింది. ఆయా అన్నంలో కలుపుకుని తినసాగింది. కిటికీ అవతల ఏదో బండి గేరు మార్చుకుంటూ పోయింది. అందరూ కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.